విషలోహాలను సూక్ష్మజీవులు ఎదుర్కొనే తీరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు రెండు షరతులు పెట్టారు. ఒకటి, భోజనాల వేళకు ముగించాలి. రెండు, విషయం అందరికీ పనికివచ్చేదై ఉండాలి. మొదటి షరతు సంగతి నేను చూసుకుంటాను. రెండవదాని తీర్పు మీది. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నీటి పరీక్షల ప్రయోగశాలలో కెమిస్టుగా చేశాను. నాకు తెలిసిందల్లా నీళ్లు, ఆ నీళ్లలో కరిగి ఉండే లోహాలు, వాటి మధ్య కాపురం చేసే సూక్ష్మజీవులు. కనుక ఆ విషయమే మనవి చేస్తాను.

మన సభ్యులలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేం నీళ్లు మూడు పొంగులు వచ్చేదాకా కాచి తాగుతున్నాం, ఇంక భయమేముంది?" అంటారు. కాచడం మంచి అలవాటే, మానవద్దు. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు కాచితే చస్తాయి. కానీ సీసం చావదు, పాదరసం చావదు, ఆర్సెనిక్ చావదు. పైగా నీరు ఆవిరైపోయిన కొద్దీ గిన్నెలో మిగిలిన నీటిలో ఆర్సెనిక్, సీసం వంటివాటి పాలు కొంచెం పెరుగుతుంది కూడా. ప్రాణం ఉన్న విషానికి, ప్రాణం లేని విషానికి ఉన్న తేడా ఇదే. ఈ తేడా మనసులో పెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా తేలికగా అర్థమవుతుంది.

ముందుగా ఎంత పరిమాణం గురించి మాట్లాడుతున్నామో చెబుతాను. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 మిల్లీగ్రాము దాటకూడదు. మన మేడల మీద ఉండే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకును ఊహించుకోండి. ఆ ట్యాంకు నిండా ఉన్న నీటిలో పాదరసం ఒక్క మిల్లీగ్రామును మించితే ఆ నీరు తాగడానికి పనికిరానట్టే. కంటికి కనిపించదు, రుచి తెలియదు, వాసన రాదు.

ఇంత తక్కువ పరిమాణం ఇంత హాని ఎలా చేస్తుంది? మన శరీరంలో పని చేసేవి ప్రొటీన్లు. వాటిలో చాలావాటికి గంధకం ఉన్న కొసలు ఉంటాయి. పాదరసం, కాడ్మియం, సీసం వంటివి ఆ గంధకాన్ని పట్టుకుంటే వదలవు. తాళంలో ఇరుక్కున్న ముల్లులాగా ప్రొటీనును పనిచేయనివ్వవు. కొన్ని లోహాలు ఇంకో మోసం చేస్తాయి. ఆర్సెనేట్ అనే రూపంలో ఉన్న ఆర్సెనిక్ అచ్చం ఫాస్ఫేటు లాగే ఉంటుంది. క్రోమేటు సల్ఫేటు లాగా ఉంటుంది. కాడ్మియం మాంగనీసుకు, తుత్తునాగానికి ఉన్న దారిలోనే దూరుతుంది. జీవకణానికి ఫాస్ఫేటు కావాలి, సల్ఫేటు కావాలి, మాంగనీసు కావాలి. వాటికోసం తలుపు తెరిచి పెట్టుకుంటే దొంగ గుర్తింపు కార్డుతో ఇవి లోపలికి వచ్చేస్తాయి.

ఈ ప్రమాదం మనకే కాదు, బాక్టీరియాకూ ఉంది. మనకంటే వాటికే ఎక్కువ ఉంది కూడాను. మనకు చర్మం ఉంది, కాలేయం ఉంది, మూత్రపిండాలు ఉన్నాయి. బాక్టీరియాది ఒకే ఒక గది ఉన్న ఇల్లు. గోడ దాటితే విషం నేరుగా నట్టింట్లోకి వచ్చినట్టే. అయినా అవి చావలేదు. భూమి మీద అగ్నిపర్వతాలు, ఖనిజాలు, వేడినీటి ఊటలు మనిషికంటే ఎంతో ముందునుంచీ ఉన్నాయి గనుక, ఈ లోహాలతో వ్యవహరించే విద్య బాక్టీరియా కోట్ల ఏళ్ల కిందటే నేర్చుకున్నాయి. ఫ్యాక్టరీలు వచ్చాక పుట్టిన విద్య కాదిది. సైబీరియాలో వేల సంవత్సరాలుగా గడ్డకట్టి ఉన్న నేలలో సైతం పాదరసాన్ని తట్టుకునే బాక్టీరియాలను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. లోహం మూలకం. ఏ ప్రాణీ దాన్ని నాశనం చేయలేదు. కుళ్లిన ఆకును బాక్టీరియా తిని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చేస్తుంది. పురుగుమందులు చాలావాటిని కూడా విరగ్గొట్టగలదు. సీసాన్ని మాత్రం ఏమీ చేయలేదు. మనలో అకౌంట్స్ శాఖలో చేసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి వారి భాషలో చెబుతాను. లోహాన్ని రైటాఫ్ చేయడం ఎవరి తరమూ కాదు. ఒక హెడ్డు కింద ఉన్న మొత్తాన్ని ఇంకో హెడ్డు కిందకు మార్చగలరు, అంతే. సూక్ష్మజీవుల విద్య అంతా ఈ ఖాతా మార్పులోనే ఉంది.

ఆ ఖాతా మార్పు ఎన్ని రకాలుగా జరుగుతుందో చూద్దాం.

మొదటిది, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోసేయడం. కణం గోడలో పంపుల వంటి ప్రొటీన్లు ఉంటాయి. మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియాలో కాడ్మియం కోసం ఇలాంటి పంపు ఒకటి ఉంది. కణం తన శక్తిని ఖర్చు పెట్టి ఒక్కొక్క కాడ్మియం అయానును బయటికి నెడుతుంది. బెల్జియంలో ఒక జింకు ఫ్యాక్టరీ తేర్పుడు తొట్టిలో 1976లో ఒక బాక్టీరియాను పట్టుకున్నారు. దాని నేటి పేరు క్యుప్రియావిడస్ మెటాలిడ్యూరాన్స్. కోబాల్టు, జింకు, కాడ్మియం మూడింటినీ రెండు పొరల గోడ దాటించి బయటపడేసే పంపు దానికి ఉంది. ఇతర క్రిములకు శ్మశానమైన తొట్టి దీనికి సొంత ఊరు.

రెండవది, కట్టి మూలన పడేయడం. కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాల వంటి బాక్టీరియాలలో లోహాన్ని పట్టి ఉంచే చిన్న ప్రొటీన్లు ఉన్నాయి. మరికొన్ని తమ చుట్టూ ఉన్న జిగురులోనే లోహాన్ని అంటించి, లోపలికి రానివ్వవు. మన రైతులు తెగుళ్లకు మైలుతుత్తం కొట్టడం మీకు తెలుసు. అది రాగి లవణం. అమెరికాలోని కాలిఫోర్నియా టమాటా తోటల్లో రాగి మందు కొట్టి కొట్టి ఉండగా ఒక తెగులు బాక్టీరియాకు ఆ మందు పనిచేయడం మానేసింది. అది రాగిని తన గోడల మధ్య ఖాళీలోనే పట్టి నిలవ చేస్తుంది. ప్రయోగశాలలో రాగి ఉన్న ఆహారం మీద పెంచితే ఆ బాక్టీరియా గుంపులు నీలం రంగుకు తిరుగుతాయి. విషాన్ని మింగి గొంతులో నిలుపుకున్న నీలకంఠుని కథ మన పిల్లలకు చెబుతుంటాం కదా. ఆ ఏర్పాటు ఇంత చిన్న ప్రాణిలోనూ ఉంది.

మూడవది, రూపం మార్చడం. క్రోమియం ఆరవ స్థాయి రూపంలో, అంటే క్రోమేటుగా, నీటిలో తేలికగా కరుగుతుంది, కణంలోకి దూరుతుంది, క్యాన్సరుకూ కారణమవుతుంది. దాన్నే మూడవ స్థాయికి దించితే సాధారణంగా అంతగా కరగదు, మట్టికి అంటుకుని ఉండిపోతుంది. ఈ మార్పు చేయగల బాక్టీరియాలు అనేకం ఉన్నాయి.

నాల్గవది, ఇంకొక పదార్థంతో కలిపి రాయిలా చేయడం. నీళ్లు నిలిచిన బురదలో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అక్కడ గాలి అందదు కనుక కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్ బదులు సల్ఫేటుతో ఊపిరి తీస్తాయి. అప్పుడు వచ్చే వాయువు హైడ్రోజన్ సల్ఫైడు. అది జింకు, కాడ్మియం, సీసం, రాగి దేనికి తగిలినా కరగని సల్ఫైడు అవుతుంది. ముక్కు మూసుకోవలసిన ఆ వాసనే నీటిలోని లోహాన్ని అడుక్కు దించుతోందన్నమాట.

ఆర్సెనిక్ విషయంలో ఒక వింత ఉంది. లోపలికి వచ్చిన ఆర్సెనేటును బాక్టీరియా ముందు ఆర్సెనైటుగా మారుస్తుంది, తరువాత పంపుతో బయటికి నెడుతుంది. ఆర్సెనైటు ఆర్సెనేటు కంటే ఎక్కువ విషం! తక్కువ విషాన్ని ఎక్కువ విషం చేసుకోవడం ఏమి తెలివి అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు ఇచ్చే సమాధానమేమిటంటే, పంపు మొదట తయారైనది ఆర్సెనైటు కోసం. భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేని ఆ తొలి రోజుల్లో ఆర్సెనైటే ఎక్కువ. ఆక్సిజన్ వచ్చాక ఆర్సెనేటు ఎక్కువైంది. కొత్త పంపు కట్టడం కంటే, ఉన్న పంపుకు సరిపడేలా సరుకును మార్చడం సులువు. పాత ఫారం మార్చకుండా కొత్త జి.ఓ. అమలు చేయడం మనకు తెలియని విద్య కాదు కదా!

ఇక వీటన్నిటిలో పెద్ద కథ పాదరసానిది. మన ఇళ్లలో పూజకు వాడే ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసినదే. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసిన ఎర్రమందు మెర్క్యురోక్రోమ్‌లో ఉన్నది పాదరసమే. పూర్వం ఆసుపత్రుల్లో క్రిములను చంపడానికి పాదరస లవణాలు వాడేవారు. బాక్టీరియా చూస్తూ ఊరుకోలేదు. పాదరసం తగిలినప్పుడు పనిచేసే ఒక జన్యువుల గుంపు వాటిలో ఉందని 1970ల మొదట్లో జపాను, అమెరికా ప్రయోగశాలల్లో జరిగిన పనితో స్పష్టమవుతూ వచ్చింది. ఆ గుంపును మెర్ జన్యువులంటారు.

అందులో పని విభజన చూస్తే మన ఆఫీసే గుర్తుకొస్తుంది. ఒక ప్రొటీను కాపలాదారు. పాదరసం అతి స్వల్పంగా వచ్చినా పసిగట్టి, మిగతా సెక్షన్లకు పని మొదలుపెట్టమని ఆర్డరిస్తుంది. పాదరసం లేనప్పుడు అందరినీ ఖాళీగా కూర్చోబెడుతుంది, అనవసరపు ఖర్చు రానివ్వదు. ఇంకొకటి రెండు ప్రొటీన్లు తలుపు దగ్గర నిలబడి, పాదరసాన్ని దారిలో ఎవరికీ తగలకుండా చేతులు మార్చి లోపలికి తెస్తాయి. సేంద్రియ పాదరసం వస్తే ఒక ఎంజైము కార్బన్‌కూ పాదరసానికీ ఉన్న బంధాన్ని తెంచుతుంది. చివరగా ముఖ్యమైన ఎంజైము పాదరస అయానుకు రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి మామూలు లోహ పాదరసంగా మారుస్తుంది. థర్మామీటరులో చూసే పాదరసమే అది. అది కణం లోపల దేనికీ అతుక్కోదు, ఆవిరై గోడ దాటి బయటికి పోతుంది. బాక్టీరియాకు పీడ విరగడైంది.

మనకు విరగడైందా? కాలేదు. ఆవిరి గాలిలోకి పోయింది. గాలిలో దూరాలు తిరిగి, మళ్లీ రూపం మారి, వానతో భూమి మీదికే వస్తుంది. ఖాతా మారిందే తప్ప మొత్తం తగ్గలేదు.

అంతేకాదు, ఖాతాను తప్పుడు దిక్కుకు మార్చే బాక్టీరియాలు కూడా ఉన్నాయి. జపానులోని మినమాటా పేరు మీరు విని ఉంటారు. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ అసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం వాడేది. అక్కడ ఏర్పడిన మిథైల్ పాదరసం సముద్రంలో కలిసింది. చేపల్లో చేరింది. ముందు పిల్లులు వింతగా గెంతి చచ్చాయి. తరువాత మనుషులకు చేతులు వణకడం, చూపు మందగించడం, మాట తడబడడం మొదలయింది. 1956లో ఈ జబ్బు అధికారికంగా నమోదైంది. కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 అయింది. మినమాటాలో ఆ విషం ఫ్యాక్టరీలోనే తయారైంది. కానీ ఫ్యాక్టరీ లేనిచోట, మామూలు పాదరసం పడ్డ చెరువు బురదలో కూడా మిథైల్ పాదరసం తయారవుతుందని 1969లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపించారు. తయారుచేసేది గాలి అందని బురదలో ఉండే బాక్టీరియాలే. ఏ రెండు జన్యువుల వలన ఆ పని జరుగుతుందో అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో కనిపెట్టారు. అదే సంవత్సరం పాదరసాన్ని అదుపు చేయడానికి దేశాలన్నీ చేసుకున్న ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. మన దేశం 2018లో దాన్ని ధ్రువీకరించింది.

ఆర్సెనిక్‌లోనూ ఇలాంటి తిరుగుబాటు ఉంది. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువునీటి క్రిముల బాధ తప్పించడానికి లక్షల గొట్టపు బావులు వేశారు. ఉద్దేశం మంచిదే. అతిసారం నుంచి చాలామంది పిల్లలను కాపాడాలనుకున్నారు. కానీ 1983లో కలకత్తా వైద్యులు కె.సి. సాహా గారి దగ్గరకు అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి, ఒంటి మీద మచ్చలతో రోగులు వచ్చారు. కారణం ఆ బావుల నీటిలోని ఆర్సెనిక్. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు. హిమాలయాల నుంచి నదులు తెచ్చిన మట్టిలో ఇనుపు తుప్పుకు అంటుకుని ఉన్నదే. గాలి అందని లోతులో ఆ తుప్పుతో ఊపిరి తీసే బాక్టీరియాలు తుప్పును కరిగిస్తే, దాని వెంట ఉన్న ఆర్సెనిక్ నీటిలోకి వచ్చింది. పశ్చిమ బెంగాల్ మట్టితోనే ప్రయోగం చేసి 2004లో ఈ సంగతి ధ్రువపరిచారు. బాక్టీరియాకు మన మీద ప్రేమా లేదు, పగా లేదు. తన ఊపిరి తాను తీసుకుంటుంది, అంతే.

ఇప్పుడు మన వయసువారికి అతి దగ్గర విషయం. ఈ లోహ నిరోధక జన్యువులు చాలా సందర్భాల్లో ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం మీద ఉంటాయి. ఆ ఉంగరాన్ని ఒక బాక్టీరియా ఇంకొకదానికి నకలు తీసి ఇవ్వగలదు. వేరే జాతి బాక్టీరియాకైనా ఇస్తుంది. 1968లో నోవిక్, రాత్ అనే శాస్త్రజ్ఞులు ఆసుపత్రి స్టాఫిలోకాకస్‌ను పరీక్షించి, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే జన్యువు ఏ ఉంగరం మీద ఉందో, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లను తట్టుకునే శక్తి కూడా అదే ఉంగరం మీద ఉందని చూపించారు. అంటే ఒకే సర్వీసు రిజిస్టరులో రెండు అర్హతలు. నీటిలో పాదరసం ఉన్నంతకాలం ఆ ఉంగరాన్ని బాక్టీరియా పారేసుకోదు. దానితోపాటు యాంటీబయాటిక్‌ను ఎదిరించే శక్తి కూడా, ఆ మందు అక్కడ లేకపోయినా, నిలిచే ఉంటుంది.

1975లో బోస్టన్ ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో ఇలాంటిదే జరిగింది. గాయాలకు వెండి నైట్రేటు పూసేవారు. ఆ వెండినీ, కొన్ని యాంటీబయాటిక్‌లనూ కూడా లక్ష్యపెట్టని సాల్మొనెల్లా బాక్టీరియా ఆ వార్డులో పట్టుకుంది. డెన్మార్క్‌లో పందుల మేతలో రాగి కలిపితే, రాగినీ కొన్ని యాంటీబయాటిక్‌లనూ కలిపి తట్టుకునే బాక్టీరియా వాటి పేగుల్లో పెరిగిందని 2002లో చూశారు.

మన ఊరి సంగతి కూడా వినండి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని పరీక్షించి, స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ఒక పత్రం ప్రకటించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీరు లోహాలు చేరిన బురదతో కలిసినచోట బాక్టీరియా రెండు విద్యలూ ఒకేచోట నేర్చుకుంటుంది. అక్కడ నేర్చినది అక్కడే ఉండిపోదు. రేపు మనకు మోకాలి ఆపరేషనో, మూత్రపు ఇన్ఫెక్షనో వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు, డాక్టరు రాసిన మందు పని చేస్తుందా లేదా అన్నది కొంతవరకు ఆ బురదలో కూడా నిర్ణయమవుతోంది. ఫించనుదారులకు సూక్ష్మజీవుల గోల ఎందుకనేవారికి నా సమాధానం ఇదే.

ఇంత చెప్పాక మంచి కబురు కూడా చెప్పాలి. ఈ విద్యనే మనకు ఉపయోగపడేట్టు మలచినవారున్నారు. నెదర్లాండ్స్‌లోని బుడెల్ జింకు కర్మాగారంలో 1992 నుంచి గంధకపు బాక్టీరియాలను పెద్ద తొట్టిలో పెంచి, భూగర్భజలంలోని జింకును సల్ఫైడుగా దించి, దాన్ని మళ్లీ కర్మాగారంలోకే పంపారు. జర్మనీలో పాదరసం తట్టుకునే బాక్టీరియాలను ఒక స్తంభంలో నింపి, దాని గుండా క్లోరిన్ ఫ్యాక్టరీ నీటిని పంపిన ప్రయోగం 2000లో వెలువడింది. పాదరసం ఆవిరైపోకుండా ఆ స్తంభంలోనే చిన్న చిన్న బిందువులుగా నిలిచింది. ఖాతా మార్పు మన కళ్ల ముందు, మన రిజిస్టరులో జరిగిందన్నమాట.

అమెరికాలో పోటోమాక్ నది బురదలో 1987లో దొరికిన జియోబాక్టర్ జాతి కరిగే యురేనియంను కరగని రూపానికి మార్చగలదు. కొలరాడో రాష్ట్రంలో రైఫిల్ అనే చోట 2002లో భూమిలోకి అసిటేటు పంపారు. వెనిగర్‌లో ఉండే ఆమ్లానికి సంబంధించినదే అది. దాన్ని తిని జియోబాక్టర్ పెరిగింది, నీటిలో యురేనియం తగ్గింది. కొన్నాళ్లకు వేరే బాక్టీరియాలు ఆ మేతకు ఎగబడగా యురేనియం మళ్లీ కొంత పెరిగింది. అందుచేత ఇది ఒకసారి చేసి మరచిపోయే పని కాదు, కనిపెట్టుకుని ఉండవలసిన పని. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రంవారు 2006లో, అణుధార్మికతను తట్టుకునే డైనోకాకస్ అనే బాక్టీరియాలో వేరొక జన్యువును చేర్చి, అది యురేనియంను అవక్షేపంగా దించేలా చేశారు. వియత్నాంలో 2005లో ఆర్సెనిక్ తగిలితే వెలుగునిచ్చే బాక్టీరియాతో బావినీళ్లు పరీక్షించి చూశారు. నేను చెప్పిన కాపలాదారు ప్రొటీను లాంటిదానికి మిణుగురు వంటి దీపం తగిలించారన్నమాట.

ఇక ఇంటికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మన ఇళ్లలో ఇంకా పాత పాదరసపు థర్మామీటర్లు, బి.పి. యంత్రాలు ఉన్నాయి. పగిలితే చీపురుతో ఊడ్చకండి, పూసలు ఇంకా చిన్నవై మూలమూలకూ పోతాయి. వాక్యూమ్ క్లీనరు అసలు వాడకండి. పసిపిల్లలను దూరంగా పంపి, కిటికీలు తెరవండి. చేతి ఉంగరాలు, గాజులు తీసేయండి, బంగారాన్ని పాదరసం పట్టుకుంటుంది. గట్టి అట్టముక్కతో పూసలను ఒకచోటికి తోసి, మూత ఉన్న సీసాలో వేయండి. సింకులో మాత్రం పోయకండి. ఆ సింకు నీరు ఏ బురదకు చేరుతుందో, ఆ బురదలో ఎవరుంటారో ఇంతసేపూ చెప్పుకున్నాం.

పాత ఇన్వర్టరు బ్యాటరీని వీధిలో పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేస్తే, అది పెరట్లో కరిగించే చోటికి చేరవచ్చు. ఆ సీసపు పొగ పీల్చేది చిన్నపిల్లలు. కొత్త బ్యాటరీ కొన్న దుకాణానికే పాతది తిరిగి ఇవ్వండి. జలుబుకు, ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవద్దు. డాక్టరు రాస్తే చెప్పినన్ని రోజులూ వేసుకోండి.

చివరగా బోరునీళ్లు. మామూలు పరీక్షకు ఇస్తే కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు వంటివి చూసి రిపోర్టు ఇస్తారు. లోహాలు కావాలంటే విడిగా అడగాలి, దానికి వేరే యంత్రం, వేరే రుసుము. నీళ్లు ఏ సీసాలో పడితే అందులో పట్టుకెళ్లకండి. లోహం సీసా గోడలకు అంటుకుపోయి, రిపోర్టులో లేనట్టే కనిపిస్తుంది. ప్రయోగశాలవారినే సీసా అడగండి. అందులో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు, అది పారబోసి కడగకండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు కరిగిన లోహాన్ని ఆపలేదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు ఆపుతుంది గానీ, ఆపిన లోహం దాని వ్యర్థపు నీటిలో ఉంటుంది. పరీక్షలో లోహం తేలిన బోరైతే ఆ నీటిని కూరగాయల మడికి పెట్టవద్దు.

కార్యవర్గానికి నాదొక మనవి. ఒక్కొక్కరం పరీక్షకు ఇస్తే ఖర్చు, శ్రమ. మన సభ్యులు ఉన్న కాలనీలలో, ముఖ్యంగా పారిశ్రామిక వాడలకు దగ్గర ఉన్నచోట, రెండు మూడు బోర్లు ఎంచుకుని సంఘం తరఫున నమూనాలు పంపితే బాగుంటుంది. ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి చాలు. నమూనాలు ఎలా పట్టాలో, రిపోర్టు ఎలా చదవాలో చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఫలితాలు మన పత్రికలో వేద్దాం. హద్దు దాటితే కాగితం రాయడం మనకు కొత్త కాదు. ఎవరికి రాయాలో, ఏ నెంబరు వేసి రాయాలో, ఎన్నిసార్లు గుర్తు చేయాలో మనకంటే తెలిసినవారు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?

 మొదటి షరతు నిలబెట్టుకున్నాననే అనుకుంటున్నాను. సెలవు.